సంతకం పెట్టని వకాల్తా

నిమ్మాడ,
ఏప్రిల్ 17.

తమ్ముడు గోవిందకి, నీ అప్ప నీలమ్మ రాయునది.

ఇక్కడ అందరం క్షేమం, అక్కడ నువ్వూ క్షేమమని తలుస్తాను అని నాన్న మనకి నేర్పిన మొదటి వాక్యం రాయబోయి ఆగిపోయాను. జైల్లో ఉన్నవాడికి అలా ఎలా రాస్తాం? కాబట్టి అది వదిలేసి ముందు ఇంకొకరికి నమస్కారం పెడతాను. ఈ ఉత్తరం నీకంటే ముందు జైలు అయ్యగారు చదువుతారని మా కామేశ్ చెప్పాడు. అయ్యా, నమస్కారం. ఇందులో తిట్లు ఉంటాయి. అవి మా తమ్ముడికి, మీకు కాదు.

ఏరా, నీకు మతి ఉందా? తోటలో ఎలుగుబంటి చచ్చి కనిపిస్తే పదిమందిని కేకెయ్యాలి. ఫారెస్టు వాళ్లకి ఫోను కొట్టాలి. నువ్వేం చేశావు? దాన్ని దొర్లించి కొబ్బరి గోతిలో పాతేశావు. పాతినవాడివి అక్కడితో ఊరుకున్నావా? దాని నెత్తిమీద కొబ్బరిమొక్క నాటావు! మీ ఆవిడ చిన్నతల్లి ఫోనులో ఏడుస్తూ ఈ మాట చెబితే, ఏడవాల్సిన నేను ఒక్క క్షణం నవ్వేశాను. తర్వాత ఏడ్చాను లే.

చిన్నతల్లి చెప్పినదాన్ని బట్టి ఫారెస్టు వాళ్ల మాట ఇది. అడవిపందులు రాకుండా నువ్వు తోటలో తీగ లాగి కరెంటు పెట్టావు. జీడిపళ్ల కోసం వచ్చిన ఎలుగు దానికి తగిలి చచ్చింది. నువ్వు తీగ దాచేసి, ఎలుగుని పాతేశావు. తీగ ఎక్కడ పెట్టావని ఎంత అడిగినా నువ్వు నోరు విప్పలేదట. పోనీ నేను పెట్టలేదు బాబూ అనైనా అన్నావా? అదీ లేదట. నేరం రుజువైతే మూడేళ్లకు తక్కువ పడదని మన ఊరి పెద్దలు మీ ఆవిడకి చెప్పి, మంచి పుణ్యం కట్టుకున్నారు.

నువ్వు కరెంటు తీగ పెట్టేవాడివి కాదు. పిడుగు పడుతుందంటే ఫ్యాను కూడా ఆపేసేవాడివి. అది నాకు తెలుసు, జడ్జిగారికి తెలీదు. ఆయనకి తెలియజెప్పడానికి మనిషి కావాలి. టెక్కలిలో కూర్మనాథం గారని ప్లీడరున్నారు. మా ఆడపడుచు కొడుకు కొట్లాట కేసులో ఇరుక్కుంటే బయటికి లాగింది ఆయనే. కోర్టు వాళ్లు నీకు ఎవరో అమ్మాయిని ఉచితంగా ఇచ్చారటగా. ఆ అమ్మాయి మంచిదే అయ్యుంటుంది, కాని ఊరంతటి కేసులూ ఆమె నెత్తిమీదే ఉంటాయి. నీది ఎన్నో దానిగా చూస్తుంది? డబ్బు సంగతి నువ్వెత్తకు, ఎత్తితే నాకు కోపమొస్తుంది.

కామేశ్ నాకన్నా తొందరపడుతున్నాడు. కానిస్టేబులుగా ఎంపికైన కుర్రాడు, ట్రైనింగు పిలుపు కోసం ఎదురుచూస్తూ సంబరంగా ఉండాల్సినవాడు, అన్నం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెడుతున్నాడు. "ఎంత పెద్ద లాయర్నైనా పెట్టాలమ్మా మావకి" అని ఒకటే పాట. మేనమామ అంటే వాడికి అంత ప్రాణం.

సరే అని ఒక్క ముక్క రాయి. మిగతాది నేను చూసుకుంటాను.

నీ అప్ప,
నీలమ్మ.


టెక్కలి సబ్‌జైలు,
ఏప్రిల్ 24.

అప్పకి నమస్కారాలతో గోవిందరావు.

నీ ఉత్తరం అందింది. అయ్యగారు నాకు ఇస్తూ "మీ అక్కగారు భలే రాత్తారయ్యా" అన్నారు. నీ తిట్లు ఆయనకి నచ్చాయి. నాకూ చల్లగానే ఉన్నాయి.

ఇక్కడ బాగానే ఉంది. అన్నం ముద్దగా ఉంటుంది, పప్పు నీళ్లగా ఉంటుంది, రెండూ కలిపితే సరిపోతుంది. నా పక్కన పడుకునేది పోలయ్య అని భావనపాడు మనిషి. చేపలవేటకి వెళ్లే పడవ దగ్గర ఎవరినో తెడ్డుతో కొట్టాడట. సముద్రం మోత లేకపోతే నిద్ర పట్టదని తెల్లారే వరకు కబుర్లు చెబుతాడు. నాకు మాత్రం జీడిపిక్కల మీదే ధ్యాస. ఇది పిక్క రాలే కాలం కదా, చిన్నతల్లి ఒక్కతే ఏరలేదు. కూలీలని పెట్టుకోమని చెప్పు.

కొబ్బరిమొక్క సంగతి రాశావు. నవ్వితే నవ్వావు గాని, నన్ను పట్టిచ్చింది అదే. ఫారెస్టు గార్డు బైరాగి మన పక్క ఊరివాడే. ఎలుగు అడుగులు వెతుక్కుంటూ తోటలోకి వచ్చాడు. ఆ మొక్క ముందు నిలబడి, "సైత్రం ఎండలో కొబ్బరి నాటినోడ్ని నిన్నొక్కడ్నే సూసినాను గోవిందరావూ, ఈ గోతిలో ఏటున్నాది?" అన్నాడు. ఇంకేం చెప్పను? వర్షాలు పడకుండా మన ఉద్దానంలో ఎవడైనా మొక్క నాటుతాడా?

కావాలని చెయ్యలేదప్పా. తిత్లీ తుపానుకి చెట్లన్నీ పోయాక ఎన్ని గోతులు తవ్వానో, ఎన్ని మొక్కలు పెట్టానో నాకే తెలీదు. గొయ్యి పూడ్చి, పైన ఏమీ పెట్టకుండా ఒట్టిగా వదిలెయ్యడం నా చేతికి రాదు. పైగా నౌపడ ఉప్పు కూడా వేశాను. నీళ్లు పోశాను. మర్నాడు ఎండకి వాడిందని తాటాకు అడ్డం పెట్టాను. దొంగతనం చేసేవాడు ఇన్ని చేస్తాడా? చేసేటప్పుడు ఆ ఆలోచనే లేదు.

ఇక లాయరు సంగతి. ప్రైవేటు లాయరుని పెట్టుకుంటావా అని జడ్జిగారే అడిగారు. వద్దండీ అన్నాను. అప్పుడు జ్యోత్స్న అనే అమ్మాయిని ఇచ్చారు. స్కూటరు మీద వస్తుంది, చిన్నపిల్లే గాని మాట నిదానం. ఎలుగు ఏ చెట్టు కింద పడి ఉంది అని అడిగింది, మన సరిహద్దు పనస చెట్టు కింద అన్నాను, రాసుకుంది. ఇంకా ఏవో అడిగింది. నాకు తెలీదన్నాను. నాకు ఆమె చాలు. కూర్మనాథం గారి దగ్గరికి నువ్వు వెళ్లొద్దు.

ఇంకొక్కటి. కామేశ్‌ని ఈ గొడవలోకి రానివ్వకు. వాడు కోర్టుకి రావద్దు, ఇక్కడికి రావద్దు, తోట వైపు అసలే వెళ్లొద్దు. ఉద్యోగం చేతికందే సమయంలో ఇలాంటి చోట్ల కనబడకూడదు. ఇది మాత్రం తప్పకుండా విను.

నీ తమ్ముడు,
గోవింద.


నిమ్మాడ,
మే 3.

తమ్ముడికి, అప్ప రాయునది. ఈసారి దీవెనలు లేవు.

వెళ్లొద్దన్నావు, వెళ్లాను. కామేశ్‌ని తీసుకెళ్లొద్దన్నావు, వాడి బండి వెనకే కూర్చుని వెళ్లాను. నా మోకాళ్లకి బస్సు ఎక్కడం, దిగడం నీకేమైనా తెలుసా?

కూర్మనాథం గారి ఆఫీసు మేడ మీద. మెట్లెక్కి ఆయాసపడుతూ కూర్చుంటే ఆయన మజ్జిగ తెప్పించారు. నేను మొత్తం చెప్పాను. నువ్వు చిన్నప్పుడు కాకిపిల్లని పెంచిన సంగతి కూడా చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి, "అంతా బాగుందమ్మా. మీ తమ్ముడు దాన్ని సంపినాడా?" అన్నారు.

"సీమకి కూడా దారిచ్చి నడిసే మనిషి బాబూ" అన్నాను.

"నానడిగింది మంచోడా అని కాదు. సంపినాడా, లేదా?"

ఏమని చెప్పను? నువ్వు చంపలేదని నేను నమ్ముతున్నాను గాని, చంపలేదని నువ్వు నాతో అనలేదు కదా. పక్కన కామేశ్ తల వంచుకుని చెప్పుల వైపు చూస్తున్నాడు. ఆయన వాడి వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, "నాకు ఇచ్చే డబ్బులు ఎక్కడికీ పోవు గాని తల్లీ, నిజం సెప్పనోడికి నానొచ్చినా ఒకటే, ఆ అమ్మాయి నిలబడినా ఒకటే" అన్నారు.

మరి మిమ్మల్ని పెట్టుకోవాలా వద్దా అని సూటిగా అడిగేశాను. ఆయన కూడా సూటిగానే చెప్పారు. ఇప్పుడు కావలసింది బెయిలు, దానికి జ్యోత్స్న చాలు, ఆ అమ్మాయిని కోర్టులో చూశాను, కాగితం చదవకుండా లేచి నిలబడే రకం కాదు అన్నారు. కేసు నడిచి, ఎలుగుని కోసి చూసిన డాక్టరుని, ఫారెస్టు వాళ్లని నిలబెట్టి గట్టిగా ప్రశ్నించాల్సి వస్తే, దానికి టైము పెట్టే పాతకాపు పక్కనుండటం మంచిది, అప్పటికి నేనుంటాను అన్నారు. "అయినా ఆడు వకాల్తా మీద సంతకం పెడితేనే కదమ్మా నాను ఆడి లాయర్ని అయ్యేది. నీ సంతకం పనికిరాదు" అని కూడా అన్నారు.

అదిగో, ఆ వకాల్తా కాగితమే తన గుమస్తా చేత నీకు పంపారు. నువ్వేం చేశావు? సంతకం పెట్టకుండా తిప్పి పంపావు! అప్ప ఎండలో మెట్లెక్కి రాయించిన కాగితం అది. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టుంది నీ వరస.

గోవిందా, నీకు నామీద ఒట్టు. ఎవరైనా నిన్ను బెదిరిస్తున్నారా? ఆ రాత్రి ఏం జరిగింది? మనసులో పెట్టుకుని కుళ్లకు. నాకు భయంగా ఉందిరా. మొన్న కలలో నువ్వు జైల్లోనే ముసలాడివైపోయి కనిపించావు. లేచి కూర్చుని మీ బావని లేపేశాను.

నీలమ్మ.


టెక్కలి సబ్‌జైలు,
మే 10.

అప్పా,

నీ ఒట్టు నన్ను రెండు పూటలు తినకుండా చేసింది. అందుకే ఉన్నమాట రాస్తున్నాను.

పెద్ద లాయరు వస్తే ఏం చేస్తాడు? తోటంతా తిరుగుతాడు. చుట్టుపక్కల తోటల వాళ్లని పిలుస్తాడు. నువ్వెక్కడున్నావు, నువ్వేం చేశావు అని ఒక్కొక్కరినీ అడుగుతాడు. అది వాళ్ల పని, మంచి లాయరైతే ఇంకా ఎక్కువ అడుగుతాడు. నా ఒక్కడితో పోయేది పదిమంది మీదికి పోతుంది. నాకది ఇష్టం లేదు. కూర్మనాథం గారి మీద నాకు అపనమ్మకం లేదు. ఆయన మంచి లాయరని విన్నాకే వద్దనుకున్నాను.

పోలయ్య ఒక మాట చెప్పాడు. "ఒప్పేసుకుంటే జడ్జిగారు తగ్గించేత్తారు మావా, కేసు సాగదీత్తేనే నరకం" అన్నాడు. వాడికెంత తెలుసో నాకు తెలీదు. కాని ఆలోచించాను. వచ్చే వాయిదాకి జడ్జిగారి ముందు నేనే చేశానని చెప్పేస్తాను. మూడేళ్లంటే మూడు జీడిపంటలు. యాభై దాటిన నాకు అదేపాటి? అదే ఏ కుర్రాడికో అయితే బతుకే దారి తప్పిపోతుంది. ఇది ఊరికే మాటవరసకి అంటున్నాను.

చిన్నతల్లిని నువ్వు చూసుకుంటావని నాకు తెలుసు. అది ఏడుస్తుంది గాని గట్టి మనిషి. పనస కాయలు పాలివాళ్లకి ఇచ్చెయ్యమను. పక్కనే నాన్న నీకు పసుపుకుంకుమ కింద ఇచ్చిన తోటలో కూడా పిక్కలు రాలుతుంటాయి, అవి కూడా తననే ఏరుకోమను. నీ తోట పాకలో ఉన్న సామాను మాత్రం ఒకసారి ఇంటికి తెచ్చేసుకో. తీగా గీగా ఉంటే ఉప్పుగాలికి తుప్పు పట్టిపోతుంది. కామేశ్‌ని పంపకు, ఇంకెవరినైనా పంపు.

నామీద కోపం పెట్టుకోకు. మన అమ్మానాన్నల తర్వాత నాకు పెద్దదిక్కువి నువ్వే. నీకోసం ఏదైనా చెయ్యాలని నాకు ఉండదా?

గోవింద.


నిమ్మాడ,
మే 15.

ఒరే గోవిందా!

జైలు అయ్యగారూ, ఈ ఉత్తరం మీరు కూడా శ్రద్ధగా చదవండి. ఇలాంటివి జైలుకి రాయొద్దమ్మా, నేను వెళ్లి చెబుతాను అని జ్యోత్స్నమ్మ నాకు ఫోనులో గట్టిగా చెప్పింది. ఆ అమ్మాయి నీ దగ్గరికి వచ్చి చెప్పేసే ఉంటుంది. అయినా నాకు ఆగదు. ఇందులో దాచాల్సింది ఏమీ లేదు. దాచి దాచే ఇంతదాకా తెచ్చుకున్నాం.

నీ ఉత్తరం రెండుసార్లు చదివి ఏడ్చాను. మూడోసారి మీ బావకి పైకి చదివి వినిపించాను. ఆయన సంగతి నీకు తెలుసుగా, ఏడాదికి ఒక మాట మాట్లాడతారు. "తీగా గీగా" అన్న చోట తలెత్తి, "నీ దొండపందిరి తీగ కదే అది?" అన్నారు.

నా దొండపందిరి తీగేరా! మాఘమాసం నుంచి ఆ కామేశ్‌తో మొత్తుకుంటున్నాను, దొండపాదు నేలబారున పాకుతోంది, పలాసలో తీగ కొని తెచ్చి పందిరి వెయ్యరా అని. కొన్నాడు. తోటకి వెళ్లి పాకలో పెట్టి మర్చిపోయాడు. ఈరోజు తెస్తా రేపు తెస్తా అని నన్ను తిప్పుతూనే ఉన్నాడు. నా దొండకాయలు మట్టిలో కుళ్లాయి, నువ్వు జైల్లో కుళ్లుతున్నావు. తాడుని చూసి పామనుకున్నవాళ్లని విన్నాను గాని, తీగని చూసి మేనల్లుడిని హంతకుడనుకున్నవాడిని నిన్నే చూశాను.

అప్పటికప్పుడు కామేశ్‌ని పిలిచాను.

"ఒరే, ఆ పాకలో తీగెందుకున్నాది?"

"నువ్వే కదమ్మా పందిరికి తెమ్మన్నావు? మర్సిపోయి అక్కడే ఒగ్గేసినాను."

"ఎప్పుడైనా దాన్ని తోటలో పరిసినావా? కరెంటు పెట్టినావా? నా కళ్లల్లోకి సూసి సెప్పు."

"ఒట్టమ్మా. కట్టయినా ఇప్పలేదు. ఏటి, ఎందుకడుగుతున్నావు?"

నేను నీ ఉత్తరం వాడి చేతికిచ్చాను. చదివాడు. ఎదిగిన కొడుకు, రేపు పోలీసు టోపీ పెట్టుకోవాల్సినవాడు, గడప మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఏడ్చి ఏమన్నాడో తెలుసా? "మావ సంపినాడనుకున్నానమ్మా" అన్నాడు!

వినరా, విను. నువ్వు వాడనుకున్నావు, వాడు నువ్వనుకున్నాడు. మావ నోరు విప్పట్లేదంటే చేసే ఉంటాడని వాడి లెక్క. అందుకే పెద్ద లాయరు, పెద్ద లాయరు అని నా ప్రాణం తీశాడు. చేసినవాడిని బయటికి తేవాలంటే పెద్దవాడే కావాలి కదా అని. కూర్మనాథం గారు చంపాడా అని అడిగినప్పుడు వాడు తల ఎందుకు వంచాడో నాకప్పుడు అర్థమైంది. లాయరు వల్ల కూడా కాకపోతే నేరుగా స్టేషనుకి పోయి, ఆ తీగ నేనే పెట్టాను అని చెప్పేద్దామనుకున్నాడట. "నాకు ఉద్యోగం పోతే ఇంకోటి సూసుకుంటాను, మావ ఈ వయసులో జైల్లో ఉండలేడమ్మా" అన్నాడు. నా కడుపున పుట్టినవాడిలో నీ పిచ్చి ఎక్కడినుంచి వచ్చిందిరా?

నాకు కోపం వచ్చింది. తర్వాత నా గుండెల మీదినుంచి ధాన్యం బస్తా దించినట్టయింది. చెప్పొద్దూ, ఆ రాత్రి ఇంట్లో ముగ్గురం కడుపునిండా తిన్నాం.

మర్నాడే జ్యోత్స్నమ్మకి అంతా చెప్పాం. ఆమె చిన్నతల్లిని వెంటబెట్టుకుని తోటకి వెళ్లింది. తీగ చుట్ట మీద కొట్టువాడి చీటీ ఇంకా ఉంది, మూటకట్టు విప్పలేదు. దాన్ని అలాగే ఫారెస్టు వాళ్లకి చూపించి రాయించుకుంది. ఆ పనస చెట్టు దగ్గర నిలబడి పైకి చూసిందట. పైన ఒక పెద్ద కొమ్మ విరిగి వేలాడుతోంది. మొద్దు నిండా గోళ్ల గీతలు. ఫొటోలు తీసింది. మొదటి రోజే ఏ చెట్టు కింద అని నిన్ను అడిగింది ఊరికే కాదురా. ఎలుగుని కోసి చూసిన రిపోర్టు ఇంకా రాలేదు, అది తొందరగా తెప్పించమని అర్జీ వేసింది.

కూర్మనాథం గారికి కూడా ఫోను చేశాను. ఆయన ఎంతసేపు నవ్వారో. "నా ప్రాక్టీసులో ఇలాటిది సూడలేదమ్మా. ఒక ఎలుగుబంటికి ఇద్దరు ముద్దాయిలు సిద్ధంగా ఉన్నారు, సంపినోడు మాత్రం ఒక్కడూ లేడు" అన్నారు. వకాల్తా కాగితం తన దగ్గరే ఉంచుతానన్నారు.

ఇప్పుడు నువ్వు చెప్పు. నేను ఇంక నిన్ను బలవంతం పెట్టను. కూర్మనాథం గారా, జ్యోత్స్నమ్మా? ఎవరిని పెట్టుకున్నా వచ్చే వాయిదాలో నేనే చేశాను అన్నావంటే మాత్రం, మోకాళ్లున్నా లేకపోయినా కోర్టుకొచ్చి అందరి ముందూ నీ చెవి పట్టుకుంటాను.

నీలమ్మ.


టెక్కలి సబ్‌జైలు,
మే 22.

అప్పకి, నీ తమ్ముడు.

జ్యోత్స్నమ్మ నీకంటే ముందే వచ్చి చెప్పింది. ఊచల అవతల నిలబడి "దొండపందిరి అంకుల్, దొండపందిరి" అంది. నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక అక్కడే గచ్చు మీద కూర్చుండిపోయాను. మంచినీళ్లు ఇచ్చారు.

ఆ పొద్దున ఎలుగుని చూసినప్పుడు ముందు భయపడ్డాను. తర్వాత పక్కనే నీ తోట పాకలో తీగ చుట్ట, నాలుగు వెదురుకర్రలు కనిపించాయి. పందులకి తీగ పెట్టి చిక్కుకున్న కుర్రాళ్లని ఈ చుట్టుపక్కల చూశాం కదా. నా కళ్లకి ఇంకేం కనపడలేదు. పైన విరిగిన కొమ్మ కనపడలేదు, తీగకి కట్టిన మూటకట్టు కనపడలేదు. కామేశ్‌కి బేడీలు వేసి తీసుకెళ్తున్నట్టే కనిపించింది. ఒక్కసారి వాడినే అడిగుంటే అయిపోయేది. అడిగితే వాడు అవును మావా అంటాడేమోనని భయం. నీకు చెప్పాలంటే అంతకన్నా భయం. నీ కొడుకు గురించి నీతో ఎలా అంటాను?

ఇప్పుడు లాయరు సంగతి. పోయిన నెలంతా నేను వద్దన్నది ప్రైవేటు లాయరుని కాదప్పా, అడిగే మనిషిని. ఆ అమ్మాయినైనా, ఆయన్నైనా, నన్ను ఎవరూ ఏమీ అడక్కుండా ఉంటే చాలనుకున్నాను. ఇప్పుడు ఎవరేం అడిగినా నాకు జవాబుంది. కాబట్టి తీరిగ్గా ఆలోచించాను. జ్యోత్స్నమ్మ ఉంటుంది. నేను నోరు విప్పనప్పుడు కూడా ఆమె నా వంతు పని చేసుకుపోయింది. ఎండలో మన తోటకి వెళ్లి చెట్టెక్కినంత పని చేసింది. మధ్యలో ఆమెని మార్చితే కొత్తవారికి మళ్లీ మొదటినుంచి చెప్పాలి. రిపోర్టు మనకి ఎదురు తిరిగి కేసు నడిచే పరిస్థితి వస్తే కూర్మనాథం గారి వకాల్తా మీద మొదటి సంతకం నాదే. ఈ మాట ఆమెకే చెప్పాను. "అది కరెక్టే అంకుల్, అవసరమైతే నేనే చెప్తాను మీకు" అంది. కోపం తెచ్చుకోలేదు.

వాయిదా రోజు జడ్జిగారు ఏమైనా చెప్పుకుంటావా అన్నారు. నేను చంపలేదండీ, పాతిపెట్టాను అన్నాను. మొదటిసారి నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. బెయిలు ఉత్తర్వు రిపోర్టు చూశాక ఇస్తామన్నారు.

రిపోర్టులో ఏముంటుందో ఎవరికీ తెలీదు. అయినా నాకు నిద్ర పడుతోంది. పోలయ్య కథ సగంలో ఉండగానే పడుకుంటున్నానని వాడికి కోపం.

గోవింద.


నిమ్మాడ,
జూన్ 5.

తమ్ముడికి అప్ప నిండు దీవెనలు.

ఈ ఉత్తరం నీ చేతికొచ్చే లోపే నువ్వు బయటికి వచ్చేస్తావేమో, అయినా రాయకుండా ఉండలేను. జ్యోత్స్నమ్మ ఇప్పుడే ఫోను చేసింది. రిపోర్టు వచ్చింది. కరెంటు కాలిన గుర్తు ఎక్కడా లేదట. విషం లేదు. ముసలి ఎలుగట, పళ్లన్నీ అరిగిపోయాయట. పక్కటెముకలు విరిగి, లోపల రక్తం కారి చచ్చిపోయిందట. పనసపండు కోసం ఎక్కి, కొమ్మ విరిగి, పడి చచ్చింది. పాపం, ఆ వయసులో దానికి చెట్టెందుకు?

బెయిలు ఇచ్చేశారు. మీ బావ, ఇంకొక ఆయన జామీను నిలబడ్డారు. చంపిన కేసు ఇక నిలబడదని, చెప్పకుండా పాతినందుకు మాత్రం ఏదో జరిమానాతో పోతుందని జ్యోత్స్నమ్మ చెప్పింది. చిన్నతల్లి ఫోనులో నవ్వుతూ ఏడుస్తూ ఒక్క ముక్క కూడా పూర్తిగా చెప్పలేకపోయింది. కూర్మనాథం గారికి చెబితే, "నన్ను పెట్టుకోకుండా గెలిసినందుకు మిఠాయి మీరే పంపాల" అన్నారు. పంపుతున్నాను.

నిన్ను తీసుకెళ్లడానికి కామేశ్ వస్తాడు. రావద్దని రాయకు. ఇప్పుడు వాడు రావాలి.

జైలు అయ్యగారూ, మా తమ్ముడిని జాగ్రత్తగా చూసుకున్నారు. మీ పిల్లలు చల్లగా ఉండాలి.

నీలమ్మ.


మన ఊరు, ఉద్దానం,
జూన్ 12.

అప్పకి నమస్కారాలు.

ఇల్లు చేరాను. నువ్వు రోజూ ఫోనులో మాట్లాడుతూనే ఉన్నావు, ఇంక ఉత్తరం ఎందుకని అనుకుంటావు. ఫోనులో చెప్పలేనిది ఒకటుంది. చిన్నతల్లి ఇప్పుడు నన్ను ఒక్క నిమిషం ఒంటరిగా వదలడం లేదు, దాని ముందు చెప్పడానికి సిగ్గేస్తుంది.

జైలు గేటు దగ్గర కామేశ్ బండితో నిలబడి ఉన్నాడు. నన్ను చూసి బండి స్టార్టు చేశాడు. వెనక కూర్చున్నాను. నౌపడ దాటాం, ఉప్పుగాలి మొహానికి కొట్టింది. ఇద్దరికీ అన్నీ తెలుసు. వాడి మాటలు నీ ఉత్తరంలో నేను చదివాను, నా ఉత్తరం వాడు చదివాడు. అయినా మేనమామా మేనల్లుడిలా కాదు, కొత్తగా పరిచయమైనవాళ్లలా కూర్చున్నాం.

పూండి దగ్గర బండి ఆపాడు. టీ తాగుదామన్నాడు. గ్లాసు చేతిలో పట్టుకుని చాలాసేపు ఊదాడు. అప్పుడు అడిగాడు.

"మావా, అమ్మ సెప్పింది ఏరు, నీ నోట ఇనడం ఏరు. ఒక్కమాట అడుగుతాను. కోప్పడవు కదా?"

"అడుగు."

"నువ్వు సంపలేదు కదా?"

"లేదురా." గ్లాసు బల్ల మీద పెట్టాను. "మరి నువ్వో?"

"లేదు మావా."

అంతేనప్పా. రెండు నెలలు ఇద్దరం దాచుకున్నది ఆ రెండు ముక్కలు. అడగడానికి టీ చల్లారేంతసేపు కూడా పట్టలేదు. ముందు వాడు నవ్వాడు, తర్వాత నేను. ఆపుకోలేక నవ్వాం. "సంపలేదు", "నానూ సంపలేదు" అని ఇద్దరు మనుషులు అంత నవ్వడం ఆ టీ కొట్టువాడు ఎక్కడా చూసి ఉండడు. డబ్బులు తీసుకుని గ్లాసులు మా దగ్గర్నుంచి దూరంగా సర్దేశాడు.

మళ్లీ బండెక్కబోతుంటే నాకు ఏడుపొచ్చింది. మూడేళ్లు లోపల ఉండాలనుకున్నప్పుడు కూడా రాలేదు. కామేశ్ చూడనట్టు అటు తిరిగి, మురికి లేని బండిని తుడుస్తూ నిలబడ్డాడు.

నీ తమ్ముడు,
గోవింద.